పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఆల్టర్నేటర్ మార్పు: ఎం.జి.బి. ఉదాహరణ

విద్యుదయస్కాంత ప్రేరణ గురించీ, విద్యుత్ ప్రవాహం వల్ల తీగలో పుట్టే ఉష్ణం గురించీ మీరు ఇంతకుముందు చదివారు. ఈ రెండూ ఒకేచోట ఎదురయ్యే సందర్భాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం. ఇంగ్లాండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసుకుందాం. ఈ కార్లను జాగ్రత్తగా కాపాడుకుంటూ నడిపేవారు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నేటికీ ఉన్నారు. బ్యాటరీని ఛార్జి చేసే యంత్రాన్ని మార్చి, అంతకంటే శక్తిమంతమైనది బిగించడం వారిలో చాలామంది చేసే పని.

తొలి ఎం.జి.బి.లలో ఆల్టర్నేటర్ లేదు. లూకాస్ సి40 అనే డైనమో ఉండేది. దాని గరిష్ఠ ప్రవాహం 22 ఆంపియర్లు. రాత్రి వానలో ప్రయాణిస్తున్నారనుకోండి. హెడ్‌లైట్లకు సుమారు 10, మిగిలిన దీపాలకు 2 లేక 3, ఇగ్నిషన్‌కు 4, వైపర్లకూ ఇంధన పంపుకూ 4, హీటరు ఫ్యానుకు 4 ఆంపియర్లు కావాలి. మొత్తం 24 దాటుతుంది. ఆ లోటును బ్యాటరీ భరిస్తుంది. పైగా ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు.

ఎందుకు ఇవ్వదు? డైనమోలో బయటికి రావలసిన ప్రవాహమంతా తిరిగే ఆర్మేచర్‌లోనే పుట్టి, కమ్యుటేటర్, బ్రష్‌ల ద్వారా వస్తుంది. వేగం మరీ పెరిగితే ఆ బరువైన చుట్టలు నిలవవు. అందువల్ల దాన్ని పెద్ద కప్పీతో నెమ్మదిగానే తిప్పుతారు. ఆల్టర్నేటర్‌లో అమరిక తిరగబడింది. అయస్కాంత క్షేత్రాన్నిచ్చే చుట్ట తిరుగుతుంది, ప్రవాహం పుట్టే చుట్టలు కదలవు. బ్రష్‌ల గుండా వెళ్ళేది క్షేత్రానికి కావలసిన రెండు మూడు ఆంపియర్లే. కనుక చిన్న కప్పీతో వేగంగా తిప్పవచ్చు. పుట్టిన ఏకాంతర విద్యుత్తును డయోడ్లు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి.

1967 చివరలో ఎం.జి.బి.కి కూడా ఆల్టర్నేటర్ వచ్చింది. మొదట 34 ఆంపియర్లు, 1970ల చివరి నమూనాలలో 43. డైనమో ఉన్న కార్లలో బ్యాటరీ ధన ధ్రువం కారు దేహానికి కలిపి ఉండేది. ఆల్టర్నేటర్‌కు ఋణ ధ్రువం కలపాలి. ధ్రువాలు మార్చకుండా ఆల్టర్నేటర్ కలిపితే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి.

తీగ సంగతి

యంత్రం బిగించడం ఒక పూట పని. అసలు ప్రమాదం తీగలో ఉంది. కొత్త ఆల్టర్నేటర్ మీద 65 ఆంపియర్లని రాసి ఉన్నంత మాత్రాన అది ఎప్పుడూ 65 ఆంపియర్లు పంపదు, అడిగినంతే ఇస్తుంది. మామూలు రోజున కారు అడిగేది 15 కావచ్చు. అందుకే పాత తీగలతోనే నెలల తరబడి ఏ ఇబ్బందీ కనిపించదు. అయితే చలికాలమంతా షెడ్డులో నిలిపిన కారును వేరే బ్యాటరీ సాయంతో స్టార్టు చేశారనుకోండి. ఖాళీ అయిన బ్యాటరీ, వెలిగించిన దీపాలు కలిసి యంత్రాన్ని దాని గరిష్ఠం దాకా లాగుతాయి.

పాత తీగ, తుప్పు పట్టిన కనెక్షన్లు కలిపి నిరోధం 0.02 ఓములు అనుకుందాం. 34 ఆంపియర్ల వద్ద పుట్టే ఉష్ణం 34 × 34 × 0.02, అంటే సుమారు 23 వాట్లు. 65 ఆంపియర్ల వద్ద 84 వాట్లు దాటుతుంది. ప్రవాహం రెట్టింపు కూడా కాలేదు, ఉష్ణం మూడున్నర రెట్లు మించింది. ఇందులో అధికభాగం వదులైన ఒక్క కనెక్షన్ దగ్గరే పుట్టవచ్చు. అక్కడ ముందు ప్లాస్టిక్ తొడుగు కరుగుతుంది, తరువాత పక్క తీగలు అంటుకుంటాయి.

దీనికి మార్గం సులభం. ఎం.జి.బి.లో బ్యాటరీ సీట్ల వెనుక ఉన్నా, దాని లావు తీగ స్టార్టర్ సోలెనాయిడ్ దాకా వస్తుంది. ఆల్టర్నేటర్ నుంచి అక్కడికి 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే చాలు. మీటరు పొడవుకు దాని నిరోధం సుమారు 0.0017 ఓములు, కనెక్షన్లతో కలిపి 0.002 అనుకోండి. పాత తీగకు సమాంతరంగా ఉండటంతో 65లో పాతదాని వాటా 6 ఆంపియర్లే. కాని కొత్త తీగకు పెట్టిన ఫ్యూజు పోతే మొత్తం భారం పాతదాని మీదే పడుతుంది. కనుక పాతదానికీ దాని శక్తికి తగిన ఫ్యూజు వేరుగా ఉండాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పాలని వేరే చెప్పనక్కరలేదు.

డాష్‌బోర్డులోని ఎర్ర దీపాన్ని మరవకండి. 2.2 వాట్ల ఆ బల్బు గుండా వెళ్ళే సుమారు 0.18 ఆంపియరే క్షేత్రాన్ని మొదట మేల్కొల్పుతుంది. అందంగా ఉంటుందని అక్కడ ఎల్.ఇ.డి. పెడితే, కొన్నిసార్లు ఆల్టర్నేటర్ ఛార్జి చేయడమే మొదలుపెట్టదు.

అసలు దీపాలూ హీటరూ మాత్రమే ఉన్న కారుకు 43 ఆంపియర్లు పుష్కలం. విద్యుత్ శీతలీకరణ ఫ్యాను వంటివి చేర్చినవారే అంతకు మించి ఆలోచించాలి. 65 ఆంపియర్ల యంత్రం పూర్తి భారం మీద 900 వాట్లకు పైగా ఇస్తుంది. దాన్ని తిప్పవలసింది నీటి పంపును కూడా తిప్పే ఒకే ఒక్క సన్నని బెల్టు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై ఉదాహరణలోని పాత తీగ మార్గం గుండా 55 ఆంపియర్లు ప్రవహిస్తే పుట్టే ఉష్ణమెంత? ఆ మార్గంలో తగ్గే వోల్టేజీ ఎంత?

జవాబు: 60.5 వాట్లు, 1.1 వోల్టులు.