కాలం, చోటు, తోడు: ఖవ్వాలీ శ్రోత ధర్మం

పాడేవారు లేనిదే పాట లేదన్నది అందరూ ఎరిగిన సత్యం. వినేవారు లేనిదే పాట లేదన్నది అంతగా ఎవరూ తలచని సత్యం. ఈ రెండవ సత్యాన్ని ప్రాణంగా నిలుపుకొన్న గానరీతి ఒకటి మన దక్కనులో శతాబ్దాలుగా వర్ధిల్లుతున్నది. అదే ఖవ్వాలీ. ప్రత్యక్ష సభలను, కొత్తగా విడుదలయ్యే రికార్డులను, పండుగ దినాలలో మోగే ధ్వనిముద్రణలను సమానమైన ఆసక్తితో వెంబడించే అభిమానులం మేము. ఈ మూడింటిలోను పాట ఒకటే అయినా వినికిడి ఒకటి కాదని మాకు నానాటికీ రూఢి అవుతున్నది. ఆ భేదం ఎట్టిదో, అది మనకు ఎందుకు పట్టవలసిన విషయమో విద్యార్థి మిత్రులకు, కళాశాల కార్యవర్గ పెద్దలకు విన్నవించుటే ఈ వ్యాసోద్దేశం.

"ఖవ్వాలీ" అన్న మాటకు మూలం "ఖౌల్" అనే అరబ్బీ పదం. పలుకు అని దాని అర్థం. ఈ గానం జరిగే సభను సూఫీలు "సమా" అన్నారు. ఆ మాటకు అర్థం పాడుట కాదు, వినుట. గానానికి పలుకు వలన, సభకు వినికిడి వలన పేర్లు ఏర్పడినవన్నమాట. సంప్రదాయం ఈ రీతిని హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా శిష్యుడైన అమీర్ ఖుస్రో (1253–1325) పేరుతో ముడివేసినది. గురుశిష్యులిద్దరూ 1325లోనే కీర్తిశేషులైనారు. వారి సమాధులు ఢిల్లీలో ఒకే ప్రాంగణంలో ఉన్నవి. అక్కడ నేటికీ ఖవ్వాలీ వినిపిస్తూనే ఉన్నది.

సంగీత శ్రవణం యుక్తమా, అయుక్తమా అన్న విషయమై ఉలమాలలో ఏనాటి నుండో భిన్నాభిప్రాయాలు కలవు. ఆ చర్చలోకి దిగుట మా ఉద్దేశం కాదు. అయితే సమాను అంగీకరించిన వారు సైతం నియమం లేకుండా అంగీకరించలేదని గుర్తించాలి. ఇమామ్ గజాలీ (1058–1111) తన "ఇహ్యా" గ్రంథంలో హజ్రత్ జునైద్ బగ్దాదీ మాటగా మూడు నియమాలను పేర్కొన్నారు. అవి జమాన్, మకాన్, ఇఖ్వాన్. తెలుగులో చెప్పుకొంటే కాలం, చోటు, తోడు. నమాజు వేళనో, భోజనం ఎదుట ఉన్నప్పుడో, మనసు మరొక చింతలో చిక్కుకొన్నప్పుడో వినరాదు. నలుగురూ నడిచే దారిలో వినరాదు. వినికిడి రుచి ఎరుగని వారి నడుమ వినరాదు. తొమ్మిది వందల ఏళ్ళు దాటిన ఈ సూత్రం నేటి రికార్డులకు, సభలకు ఎంత చక్కగా వర్తిస్తుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ముందుగా సభ సంగతి చూద్దాము. దర్గాలో జరిగే మెహఫిల్‌లో ఖవ్వాలులు హార్మోనియం, ఢోలక్‌లతో నేలపై కూర్చుంటారు. వంతగాళ్ళు చప్పట్లతో లయ నడిపిస్తారు. ప్రధాన గాయకుని చూపు మాత్రం ఎదుటివారి మీదనే ఉంటుంది. ఒక పాదం ఏ శ్రోత హృదయాన్ని తాకినా అతడు తల ఊపుతాడు, చేయెత్తుతాడు, లేచి వచ్చి నజరానా సమర్పిస్తాడు. అది కనిపెట్టిన గాయకుడు ఆ పాదాన్నే తిరిగి తిరిగి పాడతాడు. దీనినే "తక్రార్" అంటారు. ఆ శ్రోత తన్మయత్వంలో ఉన్నంతసేపు పాదం మార్చరాదన్నది వృత్తిధర్మం. హజ్రత్ ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ 1235లో ఇట్టి తన్మయత్వంలోనే, అహ్మద్ జామ్ రచించిన ఒక ద్విపద వింటూ ప్రాణం విడిచారని సూఫీ చరిత్రలు చెబుతున్నవి. ఇక "గిరహ్" అన్నది మరొక విద్య. పాడుతున్న గజల్ నడుమ వేరొక కవి పద్యాన్ని సందర్భానికి సరిపోయేటట్లు ముడివేసి, తిరిగి మొదటి పాదంలోకి వచ్చి చేరుటే గిరహ్. అది గాయకునికి ఏ క్షణాన స్ఫురిస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

తెలుగువారికి ఇది బొత్తిగా కొత్త కాదు. పౌరాణిక నాటకాలలో పద్యం రక్తి కట్టినప్పుడు జనం "వన్స్ మోర్" అనుట, నటుడు మరల అందుకొనుట మన పెద్దలు ఎరిగినదే. అవధానంలో పృచ్ఛకుడిచ్చిన సమస్య లేనిదే పూరణ పుట్టదు. ఖవ్వాలీ సభలోనూ అంతే. అక్కడ పాటలో సగం శ్రోతది.

ఇట్టి పాటను యంత్రం పట్టుకొన్నప్పుడు ఏమి జరిగినది? 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు గ్రామఫోను కంపెనీ పక్షాన కలకత్తాకు వచ్చి మన దేశపు గాయనీగాయకుల కంఠాలను రికార్డు చేశాడు. వారిలో సుప్రసిద్ధురాలు గౌహర్ జాన్. ఆనాటి పళ్ళెంపై మూడు నాలుగు నిమిషాల పాట మాత్రమే పట్టేది. రాత్రి పొడుగునా సాగే గానాన్ని అంతలో ఇమిడ్చవలసి వచ్చినప్పుడు మొదట పోయినది తక్రార్, తరువాత పోయినది గిరహ్. శ్రోత ఎదుట లేడు గనుక అతని కోసం ఆగవలసిన పనీ లేదు. తరువాత చలనచిత్రాలు ఈ రీతిని వినోదంగా మలచినవి. 1960లో వచ్చిన "బర్సాత్ కీ రాత్" చిత్రంలో ఖవ్వాలీ రెండు పక్షాల పోటీగా సాగి దేశమంతటినీ ఆకట్టుకొన్నది. రోషన్ బాణీ, సాహిర్ సాహిత్యం ఎంత గొప్పవైనా, అక్కడ విననేర్చిన తరం ఖవ్వాలీని పందెంగా ఎరిగినదే గాని ప్రార్థనగా ఎరుగదు.

అయితే రికార్డును నిందించుట కృతఘ్నత అవుతుంది. లాంగ్‌ప్లే రికార్డు ఒక్కొక్క వైపున ఇరవై నిమిషాలకు పైగా చోటిచ్చినది. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్టు, 1980ల నాటికి మన దేశంలో చౌకై, చిన్న ఊళ్ళ గాయకులకు సైతం ధ్వనిముద్రణను అందుబాటులోకి తెచ్చినది. హైదరాబాదు గర్వించదగిన ఖవ్వాల్, 1971లో పద్మశ్రీ పొందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ కంఠం ఆయన సభలకు వెళ్ళే భాగ్యం లేని మా తరానికి దక్కినది రికార్డుల వలననే. ఆయన మనుమలు నజీర్ అహ్మద్ ఖాన్, నసీర్ అహ్మద్ ఖాన్ వార్సీలు నేడు ఆ విద్యను నిలుపుతూ, 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకొన్నారు.

కొత్త విడుదలలలో ఒకదానిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నుస్రత్ ఫతే అలీ ఖాన్ 1997లో పరమపదించారు. 1990లో ఆయన ఇంగ్లండులోని రియల్ వరల్డ్ స్టూడియోలో పాడిన నాలుగు ఖవ్వాలీల టేపు ఏళ్ళ తరబడి గిడ్డంగిలో మరుగున పడి ఉండి, తరువాత బయటపడి, 2024 సెప్టెంబరులో "చైన్ ఆఫ్ లైట్" పేరున వెలువడినది. అస్తమించిన ఇరవైయేడేళ్ళకు కొత్త పాట! ఇది యంత్రం చేసిన మహోపకారం. అదే గాయకుడు 1985లో ఇంగ్లండులోని మెర్సీ ద్వీపంలో వోమాడ్ ఉత్సవ సభలో పాడినది 2019లో రికార్డుగా వచ్చినది. ఈ రెండింటినీ వెంటవెంట వినవలసినదిగా విద్యార్థులకు మా సూచన. స్టూడియోలో కంఠం స్వచ్ఛం, సభలో కంఠం సజీవం. భాష తెలియని జనమైనా ఎదుట జనం ఉన్నారన్న ఎరుక ఆ గానాన్ని మరొక ఎత్తుకు తీసికొనిపోయినది.

ఇక పండుగ రికార్డుల మాట. 1963లో వెలువడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం ఎన్ని తెలుగు లోగిళ్ళకు తెల్లవారుజామును తెచ్చినదో చెప్పనక్కరలేదు. మన వీధులలో రంజాన్ నాతులు, మిలాద్ రోజున సాబ్రీ సోదరుల "తాజ్‌దార్-ఎ-హరమ్" అట్టివే. ఆ రచనను 2015లో కోక్ స్టూడియోలో ఆతిఫ్ అస్లమ్ పాడగా నేటి యువతరం మరల అందుకొన్నది. హిజ్రీ సంవత్సరం సౌరమానం కంటె సుమారు పదకొండు రోజులు చిన్నది గనుక, రంజాన్ పాట ఒకప్పుడు మామిడిపళ్ళ కాలంలో, మరొకప్పుడు వానలలో, ఇంకొకప్పుడు చలిరాత్రులలో వినిపిస్తుంది. ఇంచుమించు ముప్పైమూడేళ్ళకు ఆ చక్రం పూర్తి అవుతుంది. ఒక జీవితంలో ఒకే పాట అన్ని ఋతువులనూ చుట్టి వస్తుందన్నమాట. ఏడాదికొకమారే వినవలసిన పాటకు ఆ నిరీక్షణ వలన వచ్చే బరువు మరి దేనివలననూ రాదు.

గజాలీ సూత్రంతో ఇప్పుడు సరిచూడండి. సాధారణ రికార్డు కాలం, చోటు, తోడు అనే మూడింటినీ తెంచి పాటను మన చేతికిచ్చినది. పండుగ రికార్డు వాటిలో కాలాన్ని తిరిగి ఇస్తుంది. కాని బట్టల దుకాణం ముందు, హలీం బట్టీల నడుమ, వాహనాల రొదలో మోగే నాతు నలుగురూ నడిచే దారిలోనే ఉన్నది. చోటు లేదు, తోడు లేదు. చేతిలోని ఫోనులో అర నిమిషం తునకగా వినే పాటకైతే కాలం కూడా లేదు. ఆ మూడూ కూడేది ప్రత్యక్ష సభలోనే. హైదరాబాదులో నాంపల్లి యూసుఫైన్ దర్గాకు గాని, ఉర్సు రాత్రులలో కడప పెద్ద దర్గాకు గాని పోయినవారికి ఈ మాటలోని నిజం బోధపడుతుంది.

దీనివలన మనకు వచ్చిన నష్టమేమిటని అడుగవచ్చును. శ్రోత తల ఊపని పాదాన్ని గాయకుడు క్రమంగా విడిచిపెడతాడు. ఫారసీ ద్విపద అర్థం కాక సభ మౌనంగా ఉంటే మరుసటి సభలో అది వినిపించదు. కొన్నేళ్ళకు గాయకుని కుమారుడు దానిని నేర్వనే నేర్వడు. ఖుస్రో ఫారసీ రచనలు ఏడు వందల ఏళ్ళు బ్రతికినవి గ్రంథాలలోనే కాదు, విననేర్చినవారి తల ఊపులలో కూడా. ఇంట ఉర్దూ మాట్లాడుతూ లిపి ఎరుగని విద్యార్థులు, ఉర్దూ చదివినా ఫారసీ ఎరుగని విద్యార్థులు, తెలుగు మాత్రమే వచ్చిన విద్యార్థులు మన వంటి కళాశాలలలో పక్కపక్కనే కూర్చుంటున్నారు. ఈ ముగ్గురికీ అర్థం చెప్పేవారు లేకపోతే, గాయకునికి జనం ఉంటారు గాని శ్రోతలు ఉండరు.

కనుక కార్యవర్గానికి మా మనవి ఇది. వార్షికోత్సవాలలో పెద్ద ధ్వనివర్ధకాలు అద్దెకు తెచ్చి, ఎవరో పాడిన పాటకు పెదవులు కదపడం పలుచోట్ల ఆచారమైపోయినది. అందుకయ్యే వ్యయంలో కొంత తీసి, ఏడాదికొక సాయంత్రం స్థానిక ఖవ్వాలీ బృందాన్ని ఆహ్వానిద్దాము. హాలులో జంపఖానాలు పరచి అందరమూ నేలపైనే కూర్చుందాము. పాడబోయే రచనలను వారం ముందుగా ఉర్దూ శాఖవారు ఎంచితే, వాటి తాత్పర్యాన్ని తెలుగు శాఖవారు సిద్ధపరచి విద్యార్థులకు పంచగలరు. సభను ఎక్కడా కోయకుండా మొదటి నుండి చివరి వరకు రికార్డు చేసి, గాయకుల పేర్లు, కవుల పేర్లు, తేదీ, స్థలం వ్రాసి గ్రంథాలయంలో భద్రపరచాలి. పేరు, తేదీ లేని ధ్వనిముద్రణ చిరునామా లేని ఉత్తరం వంటిది.

విద్యార్థి మిత్రులు చేయదగినదీ ఒకటున్నది. రికార్డును సభకు బదులుగా గాక, సభకు సన్నాహంగా వినండి. ఒక్క ఖవ్వాలీని ఎంచుకొని, దాని సాహిత్యాన్ని పెద్దలనడిగి తెలిసికొని, తలుపు మూసి, ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి చివరివరకు వినండి. ఆపైన సభకు పోయి కూర్చోండి. ఏదో ఒక పాదం వద్ద మీ తల తనంతట తానే ఊగుతుంది. గాయకుడు అది చూస్తాడు, ఆ పాదాన్ని మరల అందుకొంటాడు. ఏడు వందల ఏళ్ళ గానం మరొక తరానికి చేరేది ఆ క్షణాననే.