తట్టాంచావడికి సంచి సర్దే ముందు గాలిలోని తేమను లెక్క చూడండి

చావడి అన్న మాట తెలుగువారికి కొత్త కాదు. బాటసారి మూట దించి, కాళ్లు కడుక్కుని ఓ పూట నడుం వాల్చే చోటు అది. పుదుచ్చేరి పట్టణంలోని తట్టాంచావడిలో నేడు కనిపించేది ఎక్కువగా పారిశ్రామిక వాడకు వచ్చే లారీలు, ప్రభుత్వ కార్యాలయాల పని మీద తిరిగే జనం. అయినా మూటలతో దిగేవాళ్లూ ఉన్నారు. జిప్మర్ ఆసుపత్రి ఉన్న గోరిమేడు ఇక్కడికి దగ్గరే. ఆ ఆసుపత్రికి వచ్చేవారిలో తెలుగు మాట్లాడేవారు, ముఖ్యంగా యానాం వాసులు ఉంటారు.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే కానీ, ఉన్నది కాకినాడ పక్కన గోదావరి ఒడ్డున. రెండింటికీ మధ్య 800 కిలోమీటర్లకు పైగా దూరం. 2024లో యానాంలోనే 90 పడకల జిప్మర్ విభాగం ప్రారంభమైంది. అయినా కొన్ని చికిత్సలకూ, రాజధానిలో తప్పని కాగితాల పనులకూ ఈ ప్రయాణం తప్పదు. అలా బయలుదేరే కుటుంబంలో ఒకరు మధుమేహ రోగి, ఒకరు అయిదేళ్ల పిల్ల అనుకుందాం. వాళ్ల సంచిలో ఏం ఉండాలి?

మందులు, దుస్తులు, నీళ్లు, తినుబండారాలు అంటూ ఎవరైనా జాబితా చెప్పగలరు. ఊరు మారినా ఆ జాబితా మారదు, చిక్కంతా అక్కడే. అనంతపురం వెళ్లే సంచి, సముద్రపు ఒడ్డునున్న పుదుచ్చేరికి వెళ్లే సంచి ఒకటి కాకూడదు. తేడా వేడిలో కన్నా తేమలో ఎక్కువ.

తడిగుడ్డ ఎక్కడ పనిచేస్తుంది?

ఇన్సులిన్‌తో మొదలుపెడదాం. తెరవని సీసాలను, పెన్నులను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వాడకం మొదలుపెట్టిన ఇన్సులిన్‌లో చాలా రకాలు 30 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే బయట నాలుగు వారాల దాకా నిలుస్తాయి. కచ్చితమైన గడువు ఆ పెట్టె మీదే రాసి ఉంటుంది. ఇన్సులిన్ ఒక ప్రోటీన్. వేడి తగిలితే దాని అణువుల అమరిక చెదిరి, పనిచేసే శక్తి తగ్గుతుంది. బయటికి మాత్రం సీసాలో ఏ మార్పూ కనిపించకపోవచ్చు. మోతాదు మారలేదు, తిండి మారలేదు, అయినా చక్కెర పెరిగిపోతోందంటే ప్రయాణంలో ఇన్సులిన్ ఎండ పాలైందేమో అనుమానించాల్సిందే.

ఫ్రిజ్ లేనిచోట మన ఇళ్లలో పాత ఉపాయం ఉంది: తడిగుడ్డ చుట్టడం, లేదా మట్టికుండలో పెట్టడం. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ల ఉష్ణశక్తి కావాలి. ఆ శక్తిని అది గుడ్డ నుంచి, గుడ్డలో ఉన్న సీసా నుంచి లాక్కుంటుంది. అందుకే చల్లబడుతుంది. కానీ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరయ్యే వేగం పడిపోతుంది. ఆవిరి కావడం వల్ల ఒక వస్తువు ఎంత దాకా చల్లబడగలదో ఆ హద్దును తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. ఉష్ణమాపకం బల్బుకు తడిగుడ్డ చుట్టి కొలుస్తారు కాబట్టి ఆ పేరు.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. రాయలసీమ వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నాయనుకుంటే తడిబల్బు ఉష్ణోగ్రత దాదాపు 23 డిగ్రీలు. అంటే అక్కడ తడిగుడ్డ ఇన్సులిన్‌ను నిక్షేపంగా కాపాడుతుంది. తీరప్రాంతంలో 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ అనుకోండి. తడిబల్బు ఉష్ణోగ్రత సుమారు 29 డిగ్రీలు. వేడి తక్కువే, కానీ గుడ్డ ఎంత తడిపినా 29 కన్నా కిందికి దిగదు. పైగా బస్సులో గాలి ఆడని సంచి అడుగున ఉంటే ఆ హద్దు దాకా చేరడం కూడా కష్టమే. యానాం నుంచి పుదుచ్చేరి దాకా దారిలో ఎక్కువ భాగం కోస్తా వెంటే కదా.

కాబట్టి ఈ దారిలో వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్కు నయం. దాని రెండు గోడల మధ్య గాలి దాదాపు ఉండదు. వేడి లోపలికి రావడానికి దారి ఉండదు కాబట్టి బయటి తేమతో దానికి పనిలేదు. చల్లబరిచిన జెల్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి అడుగున పెట్టి, పైన ఇన్సులిన్ ఉంచాలి. మంచుకు నేరుగా తగలనివ్వకూడదు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. ఫ్లాస్కు చేతి సంచిలో ఉండాలి గానీ, బస్సు డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద కాదు.

ఆరని చొక్కా, ఆగని వాన

తక్కువ దుస్తులు తీసుకెళ్లి ఉతుక్కుంటూ గడిపేయండి అని ప్రయాణ సలహాలు రాసేవాళ్లు చెబుతుంటారు. పొడి ఊళ్లకు అది మంచి మాటే. తేమ ఊళ్లో రాత్రి ఉతికిన నూలు చొక్కా తెల్లారేసరికి ఆరదు. ఆరీ ఆరని లోదుస్తులు వేసుకుంటే తొడల మధ్య, వేళ్ల సందుల్లో తామర వంటి శిలీంధ్ర వ్యాధులకు తావిచ్చినట్టే. ఇక్కడికి రెండు జతల లోదుస్తులు అదనంగా పెట్టుకోవడం బరువు కాదు.

వాన సంగతి కూడా ఉంది. తెలంగాణలో దసరా వెళ్లేసరికి గొడుగు అటక ఎక్కుతుంది. పుదుచ్చేరికి అసలు వానలు మొదలయ్యేదే అప్పుడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలదే రాజ్యం. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు పట్టణంలో 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి రోజున మందుల షాపు వీధి చివరనే ఉన్నా లేనట్టే. తిరుగు ప్రయాణం మూడు నాలుగు రోజులు వాయిదా పడినా సరిపడేలా రోజూ వేసుకునే మాత్రలు అదనంగా ఉండాలి. ఆసుపత్రి కాగితాలు, చీటీలు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి. చీటీ మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు, అంటే మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ వంటిది, రాయించుకుంటే వేరే రాష్ట్రంలో వేరే బ్రాండు దొరికినా ఇబ్బంది ఉండదు.

పొట్లం మీద ఏముందో చదవండి

తేమ గాలిలో చెమట కారిపోతుంది గానీ ఆరదు. ఒంట్లోంచి నీరు, ఉప్పు పోతాయి, చల్లదనం మాత్రం దక్కదు. దానికి విరేచనాలు తోడైతే చిన్నపిల్లలు గంటల్లో డీలా పడిపోతారు. సంచిలో అందరికన్నా ముందు చోటు దక్కాల్సింది ఓఆర్‌ఎస్ పొట్లానికే. 1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధ కాలంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని పెద్దఎత్తున తాగించి మరణాలను బాగా తగ్గించగలిగారు.

దీని కిటుకు పేగు గోడలో ఉంది. అక్కడి కణాల మీదున్న ఒక ప్రోటీన్ గ్లూకోజ్‌ను, సోడియాన్ని జంటగా లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు వెళుతుంది. విరేచనాల్లో కూడా ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. అయితే పాళ్లు కుదరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు. లీటరుకు ఉద్దేశించిన ఆ పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే చిక్కదనం అయిదు రెట్లవుతుంది. అప్పుడు నీరు ఒంట్లోకి వెళ్లే బదులు ఒంట్లోంచి పేగులోకి వస్తుంది. బస్సు ఆగిన అయిదు నిమిషాల్లో ఏ గ్లాసు దొరికితే దాంట్లో కలిపే తల్లిదండ్రులు చేసే పొరపాటు ఇదే. లీటరు సీసా ఒకటి వెంట ఉంటే చాలు. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న పొట్లాలు కూడా దొరుకుతాయి కాబట్టి ముందు పొట్లం మీద రాసింది చదవాలి.

చక్కెర పానీయాలు ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడవడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. అయినా డబ్బా రంగు చూసి కాకుండా, పాళ్లు చూసి కొనడమే మేలు.

పులిహోర శాస్త్రం

తెలుగువారి ప్రయాణ భోజనం పులిహోర. అమ్మమ్మలు చింతపండును రుచి కోసమే ఎంచుకున్నారనుకుంటే పొరపాటు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చని అన్నంలో గంటల తరబడి ఉంటే మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ అన్నాన్ని మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. చింతపండు పులుపు వాటి ఎదుగుదలకు అడ్డుపడుతుంది, అయితే పులుపు అన్నమంతా సమానంగా పట్టాలి.

అసలు తప్పు జరిగేది డబ్బా సర్దేటప్పుడు. పొగలు కక్కే పులిహోరను స్టీలు డబ్బాలో పెట్టి బిగిస్తే మూతకు పట్టిన ఆవిరి నీరై అన్నం మీదే పడుతుంది. లోపల వెచ్చదనం గంటల కొద్దీ తగ్గదు. బాక్టీరియాకు కావలసింది అదే. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆరబెట్టి, పులుసు కలిపి, ఆ తర్వాతే డబ్బాకెత్తాలి. కాకినాడలో రైలెక్కే ముందు కలిపినదాన్ని ఆ రాత్రికే ముగించి, మర్నాటికి చపాతీలు, వేయించిన పల్లీలు, అరటిపండ్లు ఉంచుకోవడం మంచిది.

ఇక రైల్లో, బస్సులో కదలకుండా కూర్చోవడం. నాలుగు గంటలకు మించిన ప్రయాణం కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని సుమారు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం తేల్చింది. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు 6,000 మందిలో ఒకరికే. ఈమధ్యే శస్త్రచికిత్స అయినవారికి, గర్భిణులకు ఎక్కువ. మధ్యమధ్యలో లేచి నడవడం, మడమలు పైకీ కిందికీ ఆడించడం ఖర్చులేని మందు.

తెల్లవారి దోమ

పుదుచ్చేరిలో దిగిన మర్నాడు పొద్దున్నే జిప్మర్ వరుసలో నిలబడాలి. డెంగీని మోసే ఏడిస్ దోమ కుట్టేది కూడా పగలే, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం. రాత్రికి దోమతెర తెచ్చుకున్నవాళ్లు పగటిని మరచిపోతారు. దోమల మీద పరిశోధన చేసే ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ 1975 నుంచి ఈ పట్టణంలోనే పనిచేస్తోంది. డెంగీ వైరస్‌ను తన ఒంట్లో పెరగనివ్వని వోల్బాకియా బాక్టీరియా గల ఏడిస్ దోమలను రూపొందించినట్టు 2022లో ఈ సంస్థ ప్రకటించింది. అది ప్రయోగశాలలో దక్కిన విజయం. వరుసలో నిలబడే మనిషికి మాత్రం నిండు చేతుల చొక్కా, డీట్ లేదా పికారిడిన్ ఉన్న క్రీమే దిక్కు. క్రీమ్‌లో డీట్ శాతం పెరిగితే దోమ మరింత దూరం పారిపోదు, రక్షణ ఎక్కువ సేపు నిలుస్తుంది, అంతే. చెమట పట్టే ఊళ్లో మధ్యలో మళ్లీ రాసుకోవాలి. పిల్లల చేతులకు రాయకూడదు, ఆ వేళ్లు నోట్లోకి పోతాయి.

తిరుగు ప్రయాణంలో సంచి బరువు పెరుగుతుంది. నెలకు సరిపడా కొత్త ఇన్సులిన్ కొనుక్కుంటే ఈసారి అన్నీ తెరవని పెన్నులే, అన్నిటికీ 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. వచ్చేటప్పుడు తెచ్చిన జెల్ ప్యాక్ ఈపాటికి మెత్తబడి ఉంటుంది. దాన్ని ముందురోజు రాత్రే బస చేసిన చోటు ఫ్రిజ్‌లో పెట్టమని అడగాలి, ఉదయం బయలుదేరే తొందరలో అక్కడే మరచిపోకుండా ఫ్లాస్కు మూత మీద ఒక చీటీ అంటించుకోవాలి.