నాలుగు డేగలు

మారిషస్ అనగానే అందరికీ డోడో గుర్తొస్తుంది. ఎగరలేని పక్షి, 17వ శతాబ్దంలోనే అంతరించిపోయింది, చిన్నప్పుడు జీకే పుస్తకంలో ఒక మార్కు ప్రశ్న. నేను చెప్పబోయేది అదే దీవిలో, అదే దారిలో చివరి మెట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన ఇంకో పక్షి గురించి. పేరు మారిషస్ కెస్ట్రెల్. పావురం కన్నా చిన్న డేగ. 1974లో అడవిలో తెలిసినవి మొత్తం నాలుగు. మా హాస్టల్ రూములో ఉండేవాళ్లమే ఐదుగురం. ఆ నాలుగింటిలో గుడ్లు పెడుతున్న ఆడపక్షి ఒక్కటే.

అంతదాకా ఎలా వచ్చిందంటే ఒక్క కారణం చెప్పలేం. ముందు అడవి పోయింది. చెరకు కోసం దీవిని దాదాపు గొరిగేశారు. మంచి అడవి రెండు శాతం కూడా మిగల్లేదంటారు. (ఆ చెరకు తోటల్లో పనికి కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన మనవాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు.) ఈ డేగ రెక్కలు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పచ్చటి బల్లుల్ని పట్టుకోవడానికి తయారైన రెక్కలవి. చెరకు చేలో వాటితో పనేముంటుంది?

తర్వాత డీడీటీ. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మలేరియాని తరమడానికి విపరీతంగా కొట్టారు. మలేరియా తగ్గింది, ఆ పనిని తప్పు పట్టలేం. కానీ డీడీటీ కొవ్వులో చేరి కూర్చుంటుంది. పురుగులో కొంచెం, ఆ పురుగుల్ని తిన్న బల్లిలో ఇంకొంచెం, ఆ బల్లుల్ని తిన్న డేగలో బోలెడు. డేగ జాతుల్లో దీనివల్ల గుడ్డు పెంకు పల్చబడుతుంది, తల్లి పొదగడానికి కూర్చుంటే పగిలిపోతుంది. ఇక్కడా జరిగింది అదేనని శాస్త్రవేత్తల అంచనా. ఇవి చాలవన్నట్టు ఓడల్లో వచ్చిన ఎలుకలు, పిల్లులు, కోతులు. ఎలుకల్ని చంపుతాయని తెచ్చిన ముంగిసలు. ఇవేవీ లేని దీవిలో పెరిగిన పక్షికి గూడు ఎక్కడ దాచుకోవాలో ఎవరు నేర్పుతారు? చెట్టు తొర్రలో పెట్టిన గుడ్లు కోతుల పాలయ్యేవి. అలాంటిది ఒక జంట నిట్టనిలువు కొండచరియ మీద గూడు పెట్టుకుంది. కోతికి అందలేదు. పిల్లలు బతికాయి.

1979లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ కుర్రాడు అక్కడికి వెళ్లాడు. పాతికేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. అతన్ని పంపింది ప్రాజెక్టుని మూసేసి రమ్మని. అదే ఏడాది నార్మన్ మైయర్స్ అనే పర్యావరణవేత్త తన పుస్తకంలో, ఈ పక్షి మీద పెట్టే డబ్బు బతికే అవకాశం ఎక్కువున్న వేరే పక్షుల మీద పెడితే మేలు అనే అర్థం వచ్చేలా రాశాడు.

జోన్స్ మూయలేదు. అతను చేసింది వింటే మా అమ్మమ్మ నవ్వుతుంది. నాటుకోడి గూటిలోంచి గుడ్లు తీసేస్తుంటే అది ఇంకా పెడుతూనే ఉంటుందని ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. కెస్ట్రెల్ కూడా అంతే, మొదటి విడత గుడ్లు పోతే రెండో విడత పెడుతుంది. కాబట్టి కొండచరియలు ఎక్కి మొదటి విడత గుడ్లు తెచ్చేసి ఇన్‌క్యుబేటర్లో పెట్టారు. తల్లి రెండో విడత పెట్టి తనే పొదుక్కుంది. మళ్లీ గుడ్లు పెట్టాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి కదా, అందుకని అడవి జంటలకి తెల్ల ఎలుకల్ని మేతగా అందించారు. బాతు గుడ్లని కోడి కింద పొదిగించినట్టు, చేత్తో పెంచిన పిల్లల్ని కొన్నిసార్లు అడవి జంటల గూళ్లలో కలిపేశారు.

చెప్పడానికి తేలికే. మన బ్రాంచి వాళ్లకి ఆసక్తి కలిగించేది ఇన్‌క్యుబేటర్ భాగం. పొదిగినన్నాళ్లూ గుడ్డు పెంకు రంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది. పక్షి ఏదైనా, పిల్ల బయటికొచ్చేలోపు గుడ్డు బరువు సుమారు 15 శాతం తగ్గాలి. ఎక్కువ తగ్గితే పిల్ల ఎండిపోతుంది, తగ్గకపోతే లోపల గాలికి చోటుండదు. అందుకే గుడ్డుని తూచడం, గ్రాఫ్ గీయడం, తేమ సరిచేయడం, మళ్లీ తూచడం. మన కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబులో ఫీడ్‌బ్యాక్ లూప్ తప్పితే రికార్డులో ఎర్ర ఇంకు పడుతుంది, అంతే. ఇక్కడ తప్పితే ఆ జాతిలో మిగిలినవాటిలో ఒకటి పోతుంది.

1994 వచ్చేసరికి 300కి పైగా పక్షుల్ని అడవిలో వదిలారు. కొండచరియల దగ్గర పెట్టెల్లో ఉంచి, సొంతంగా వేటాడటం వచ్చేదాకా మేత పెడుతూ వదలడం. గూళ్లకి చెక్కపెట్టెలు కట్టారు, ముంగిసలకి బోనులు పెట్టారు. జోన్స్‌కి 2016లో ఇండియానాపోలిస్ ప్రైజ్ వచ్చింది. 2022లో ఈ డేగని మారిషస్ జాతీయ పక్షిగా ప్రకటించారు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. కానీ నన్ను పట్టేసిన విషయం దీని తర్వాతది. మ్యూజియంలలో వందేళ్ల నాటి కెస్ట్రెల్ చర్మాలు భద్రంగా ఉన్నాయి. వాటి డీఎన్ఏని ఇప్పటి పక్షుల డీఎన్ఏతో పోల్చి 2000లో ఫలితాలు ప్రచురించారు. ఒకప్పుడున్న జన్యు వైవిధ్యంలో సగానికి పైగా మాయం. ఇప్పుడు ఎగురుతున్నవన్నీ దాదాపు ఆ ఒక్క జంట సంతానమే. ఫైల్ రికవర్ అయింది గానీ సగం పేజీలు ఖాళీ. కొత్త రోగం వస్తే తట్టుకునే జన్యువు ఆ ఖాళీ పేజీల్లో ఉండి ఉంటే? దానికి ఏ ఇన్‌క్యుబేటరూ పనికిరాదు.

పైగా 1994లో ప్రమాద స్థాయి తగ్గించిన ఈ పక్షిని, సంఖ్య మళ్లీ పడిపోతోందని 2014లో పై స్థాయికి మార్చారు. అడవి పెరగలేదు కదా, పక్షులెక్కడికి పోతాయి?

మైయర్స్ మాటని ఊరికే కొట్టిపారేయలేను. డబ్బు తక్కువ, జాతులు ఎక్కువ అన్నప్పుడు ఎవరో ఒకరు ఆ లెక్క వేయాల్సిందే. కానీ అతను లెక్కలో వేయనిది ఒకటుంది. కెస్ట్రెల్ దగ్గర చెయ్యి తిరిగిన బృందమే తర్వాత పింక్ పావురాన్ని కాపాడింది. 1990 ప్రాంతంలో అవి అడవిలో పదో పన్నెండో ఉండేవి, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. అంతరించిన స్థానిక తాబేళ్లకి బదులుగా అల్దాబ్రా దీవి తాబేళ్లని ఇల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న దీవిలో వదిలారు. అవి నల్లచేవ చెట్ల పళ్లు తిని, పేడతో గింజల్ని దూరదూరంగా వదిలాయి. తాబేలు కడుపులోంచి వచ్చిన గింజలు బాగా మొలకెత్తుతున్నాయని తేలింది కూడా.

డేగలకి మాత్రం ఇప్పటికీ ప్రతి గూళ్ల సీజన్‌లో ఎవరో ఒకరు కొండలెక్కుతున్నారు. పెట్టెల్లో తొంగిచూసి, పిల్లల కాళ్లకి రంగు వలయాలు తొడిగి, నోట్‌బుక్‌లో రాసుకుని దిగుతున్నారు.