బెల్లం బల్ల



మీ ఇంట్లో చిన్న వేడుక ఉందనుకోండి. పిల్లవాడి పుట్టినరోజు కావచ్చు, తాతగారి షష్టిపూర్తి కావచ్చు. పాతిక ముప్ఫైమంది వస్తారు. తీపి పదార్థాలన్నీ ఒక బల్లమీద అందంగా అమర్చి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకునేలా పెట్టడం ఇప్పుడు చిన్న ఊళ్ళలోకీ వచ్చింది. డెజర్ట్ టేబుల్ అంటున్నారు దాన్ని. డబ్బు తీసుకుని అమర్చేవాళ్ళూ ఉన్నారు. బుడగలు, రంగు కాగితాలు, కార్టూన్ బొమ్మలు, బేకరీ కేకులు తెచ్చి పెట్టి వెళ్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గాని, అది ఎవరింటి బల్లో చూసి చెప్పలేం.

బల్లకు ఒక అంశం ఉండాలంటే అది బొమ్మల్లోనే ఉండనక్కర్లేదు, పదార్థంలోనూ ఉండవచ్చు. అందుకే ఇవాళ బెల్లం బల్ల గురించి చెబుతాను. దానిమీద అన్నీ బెల్లంతో చేసినవే ఉంటాయి. పక్క రాష్ట్రాల్లో తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్ళకు ఇది బాగా నప్పుతుంది. ఎందుకంటే మన బెల్లం వంటలకు ఇరుగుపొరుగు భాషల్లో చుట్టాలున్నాయి.

అరిసెనే తీసుకోండి. బరంపురం, పర్లాకిమిడి వైపు ఒడియా ఇళ్ళలో అది ఆరిసా పిఠా. తమిళులకు అదిరసం, కన్నడిగులకు కజ్జాయ, మరాఠీలకు అనారసే. అన్నిటికీ మూలం నానబెట్టిన బియ్యపు పిండే, చేసే తీరులోనే తేడాలు. మనం తడి పిండిని వేడి పాకంలో కలిపి వెంటనే వత్తుతాం, పైన నువ్వులద్దుతాం, నూనెలోంచి తీసి చెక్కలమధ్య నొక్కుతాం. తమిళులు పాకంలో కలిపిన పిండిని కనీసం ఒక రోజు మాగనిస్తారు. మరాఠీలు బియ్యాన్ని రోజూ నీళ్ళు మారుస్తూ మూడు రోజులు నానబెడతారు, నువ్వులకు బదులు గసగసాలద్దుతారు. మన అరిసె, పక్కింటివాళ్ళ అరిసె పక్కపక్కనే పెట్టి చూడండి. తినేవాళ్ళ నోట మాటలు వాటంతటవే వస్తాయి.

అరిసెకు కీలకం పాకం. బెల్లం కొద్ది నీళ్ళలో కరిగించి, వడగట్టి, మట్టీ ఇసకా తీసేసి మళ్ళీ పొయ్యిమీద పెట్టాలి. నీళ్ళలో చుక్క వేస్తే చెదరకుండా మెత్తని ఉండగా చేతికి రావాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విరిగిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. తెల్లగా మెరిసే బెల్లం కోసం వెతకకండి, రంగు తేలడానికి రసాయనం కలిపేవాళ్ళున్నారు. ముదురు రంగు బెల్లమే మేలు.

బొబ్బట్టు సంగతి ఇంకా తమాషా. కోస్తాలో బొబ్బట్టు అంటే, కర్నూలు వైపు, తెలంగాణలో భక్ష్యం అంటారు. అనంతపురం నుంచి బళ్ళారి దాకా ఓళిగ. కన్నడంలో హోళిగె, ఒబ్బట్టు రెండూ ఉన్నాయి. తమిళంలో పోళి, మరాఠీలో పూరణ్ పోళి. మనం శనగపప్పు పూర్ణం పెడతాం. కన్నడ ఇళ్ళలో కందిపప్పుతోనూ, కొబ్బరితోనూ చేస్తారు. పూరణ్ పోళిలో జాజికాయ వాసన వస్తుంది.

మిగతావి తేలిక. నువ్వుల ఉండలు, వేరుశనగ పాకం ఉండలు రెండు రోజుల ముందే చేసిపెట్టుకోవచ్చు. తమిళనాట కోవిల్‌పట్టి కడలై మిఠాయి పేరున్న సరుకు, దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువే కాబట్టి వాళ్ళ బల్లమీద అదే పెట్టుకోవచ్చు. యానాం వాళ్ళకు దగ్గర్లోని ఆత్రేయపురం బెల్లం పూతరేకులున్నాయి. వాటికీ 2023లో అదే గుర్తింపు దక్కింది. పూతరేకు చేయడం అందరివల్లా అయ్యే పని కాదు, కొని తెచ్చుకోండి.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే పని పేరు చీటీలు. ప్రతి పళ్ళెం ముందూ చిన్న అట్టముక్క నిలబెట్టండి. పైన పెద్ద అక్షరాలతో తెలుగు పేరు, కింద మీ ఊరి భాషలో పేరు. మన ఇళ్ళలో చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని బడిలో చదివేది కన్నడమో, తమిళమో, ఒడియానో. తెలుగు అక్షరం వాళ్ళకు తెలియదు. బామ్మ చెబితే పిల్లలచేత రాయించండి. అక్షరం రాకపోతే వచ్చినవాళ్ళు రాసి ఇస్తే చూసి రాస్తారు. పుస్తకం మాట వద్దు. మీ ఇంట్లో ఓళిగ అంటే ఓళిగ అనే రాయించండి, శెనక్కాయ ఉండ అంటే అదే రాయించండి. చెవిన ఉన్న మాట కాగితంమీద చూసుకోవడం కొన్ని ఇళ్ళలో ఆ రోజే మొదటిసారి కావచ్చు.

లెక్కకు వద్దాం. అయిదు రకాలుంటే మనిషి మూడు ముక్కలకన్నా తినరు. పాతికమందికి డెబ్భై అయిదు, అంటే ఒక్కో రకం పదిహేను చాలు. ఇంటికి పంచాలంటే మరికొన్ని. అన్నీ చిన్నవిగా చేయండి. పెద్ద అరిసె సగం తిని వదిలేస్తే కష్టపడి చేసినవాళ్ళకు మనసు చివుక్కుమంటుంది. అరిసెలు నాలుగు రోజుల ముందే చేసినా పాడవవు. బొబ్బట్లు మాత్రం ఆ ఉదయమే చేయాలి. వేసవిలో పూర్ణం రాత్రంతా బయట ఉంచితే పులుస్తుంది. కొబ్బరి పూర్ణమైతే మరీ త్వరగా.

అమరికకు ఖర్చేమీ లేదు. బెల్లం వంటలన్నీ గోధుమరంగే కాబట్టి వాటి కింద పచ్చని అరిటాకు పరిస్తే రంగు తేలుతుంది. వెనక వరస ఎత్తుగా ఉండటానికి బల్లమీద పీట వేసి గుడ్డ కప్పండి. ఇత్తడి పళ్ళేలుంటే చింతపండుతో తోమి బయటికి తీయండి. బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టడం మరచిపోవద్దు, బెల్లం సంగతి మనకన్నా ముందు చీమలకు తెలుస్తుంది. ఫ్యాను గాలి తిన్నగా తగిలితే బొబ్బట్టు ఎండి అప్పడమవుతుంది. వచ్చేవాళ్ళు వచ్చేదాకా పైన పల్చని గుడ్డ కప్పి ఉంచండి.

బెల్లం కాబట్టి చక్కెర జబ్బువాళ్ళు తినవచ్చని కొందరంటారు. ఆ మాట నమ్మకండి. బెల్లంతోనూ రక్తంలో చక్కెర పెరుగుతుంది. వాళ్ళకోసం బల్ల చివర వేయించిన వేరుశనగలు, జామకాయ ముక్కలు పెట్టండి. వాటికీ ఒక చీటీ రాయించండి, వేరు పెట్టారని వాళ్ళు చిన్నబుచ్చుకోకుండా.

వేడుక అయ్యాక మిగిలిన అరిసెలు, ఉండలు పొట్లాలు కట్టి ఇరుగుపొరుగుకు పంపండి. ఆ పేరు చీటీలు కూడా పొట్లంమీదే అంటించి పంపవచ్చు.