ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు డాక్యుమెంటేషన్ - ఏ ఫార్మాట్‌లో రాయాలి?



ఒక ప్రోగ్రాము సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అని అనుమతిస్తే దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. లైనక్స్, పైథాన్ ఇలాంటివే. అయితే కోడ్ ఇచ్చినంత మాత్రాన అది అందరికీ అందినట్టు కాదు. ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ఎలా వాడాలి, ఎర్రర్ వస్తే ఏం చేయాలి అన్నవి కూడా రాసిపెట్టాలి. ఆ రాతే డాక్యుమెంటేషన్. ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో చాలా భాగం ఇదే ఉంటుంది.

దీన్ని వర్డ్ ఫైలులో రాస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఓపెన్ సోర్స్ పనిలో అనేకమంది ఒకే పేజీని దిద్దుతారు. ఎవరు ఏ లైను మార్చారో గిట్ అనే సాఫ్ట్‌వేర్ లెక్క పెడుతుంది. మామూలు టెక్స్ట్ ఫైలు అయితే పాత లైను, కొత్త లైను పక్కపక్కన చూపిస్తుంది. వర్డ్ ఫైలు లోపల కుదించి కట్టిన మూటలాంటిది కాబట్టి గిట్‌కు ఆ తేడా నేరుగా కనిపించదు. అందుకే ముందు టెక్స్ట్‌లో రాసి, తరువాత దాన్ని వెబ్ పేజీగా మార్చే పద్ధతి వచ్చింది. ఇందులో ముఖ్యమైనవి మూడు.

1. మార్క్‌డౌన్: 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేశారు. లైను ముందు # పెడితే శీర్షిక, - పెడితే జాబితా. పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. కానీ మొదటి మార్క్‌డౌన్‌లో పట్టికలు లేవు. ఒక్కొక్కరు ఒక్కో విధంగా చేర్చుకున్నందున ఒక చోట సరిగా కనిపించిన పేజీ మరో చోట చెదిరిపోవచ్చు. ఈ తేడాలను తగ్గించడానికే 2014లో కామన్‌మార్క్ వచ్చింది.

2. రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్: నియమాలు ఎక్కువ. ఖాళీలు సరిగా వదలకపోతే ఎర్రర్ వస్తుంది. కానీ స్ఫింక్స్ అనే సాధనంతో కలిపి వాడితే ఒకే రాత నుంచి వెబ్‌సైటు, పి.డి.ఎఫ్. రెండూ తయారవుతాయి. వాక్యాలను విడదీసి అనువాదకులకు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. తెలుగులోకి తేవాలనుకునేవారికి ఇది ఎంతో ఉపయోగం.

3. ఆస్కీడాక్: 2002లో స్టువర్ట్ రాక్‌హామ్ తయారుచేశారు. పట్టికలు, అధ్యాయాలు ఉన్న పెద్ద పుస్తకాలకు అనుకూలం. గిట్ మాన్యువల్ ఇందులోనే రాశారు.

పెద్ద ప్రాజెక్టులు ఏం చేశాయో చూద్దాం. పైథాన్ డాక్యుమెంటేషన్‌ను మొదట లాటెక్‌లో రాసేవారు. కాగితం మీద అచ్చుకు అది చక్కనిది. కానీ దాన్ని వెబ్ పేజీలుగా మార్చడం చిక్కు పని. జార్జ్ బ్రాండెల్ స్ఫింక్స్‌ను తయారుచేశాక, 2008లో వచ్చిన పైథాన్ 2.6తో రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్‌కు మారారు. లైనక్స్ కెర్నెల్ వారు డాక్‌బుక్ అనే బరువైన పద్ధతి వాడేవారు. వారు ఆస్కీడాక్‌ను కూడా పరిశీలించి, చివరకు 2016లో స్ఫింక్స్ వైపే మొగ్గారు. ఎక్కువమంది సులభంగా రాయగలగాలన్నదే ఈ మార్పుల వెనుక ఉన్న ఆలోచన.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఫార్మాట్ ఎంచుకోవడమంటే ఎవరు రాయగలరో నిర్ణయించడమే. దిద్దడానికి ముందు నాలుగు సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకోవాలంటే, సొంత ల్యాప్‌టాప్ లేని విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. ల్యాబ్‌లో మన వంతు వచ్చే గంట ఎంత విలువైనదో హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. మార్క్‌డౌన్ పేజీలో ఒక తప్పును ఫోన్‌లోని బ్రౌజర్‌లో కూడా సరిదిద్ది పంపవచ్చు.

కాబట్టి నా సలహా ఇది. ప్రాజెక్టు చిన్నదైతే మార్క్‌డౌన్‌తో మొదలుపెట్టండి. పేజీలు పెరిగి, ఒకదాన్నుంచి మరొకదానికి లింకులు, పి.డి.ఎఫ్., అనువాదాలు కావలసివస్తే స్ఫింక్స్‌కు మారండి. స్ఫింక్స్‌కు చిన్న అనుబంధం కలిపితే మార్క్‌డౌన్‌నూ చదువుతుంది కనుక ముందు రాసింది వృథా పోదు. పుస్తకమంత మాన్యువల్ రాయాలంటే ఆస్కీడాక్ చూడండి. ఏది తీసుకున్నా ప్రాజెక్టు అంతటికీ ఒక్కటే ఉండాలి. దాని నియమాలు మొదటి పేజీలోనే రాసిపెట్టాలి.

మనం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టును బైండింగ్ చేయించి ఇస్తాం. వైవా అయిపోగానే అది బీరువా ఎక్కుతుంది. అదే రాతను మార్క్‌డౌన్‌లో కోడ్ పక్కన పెడితే వచ్చే ఏడాది జూనియర్లు అక్కడి నుంచే ముందుకు వెళతారు. కోడ్ రాయడం ఇంకా రాని వారు కూడా దిగులుపడవద్దు. అర్థంకాని ఒక వాక్యాన్ని అర్థమయ్యేలా మార్చినా, ఆ మార్పు మీ పేరుతోనే ప్రాజెక్టు చరిత్రలో నమోదవుతుంది. తొలి అడుగుగా ఈ సెలవుల్లో ఒక పేజీ చదివి, ఒక తప్పు దిద్ది పంపండి.