రాజ్యాంగం నుంచి కుళాయి దాకా

దక్షిణాఫ్రికా మంత్రి కాదర్ అస్మల్ కథ

1994 మే నెల. నెల్సన్ మండేలా తొలి మంత్రివర్గం జాబితా బయటికొచ్చింది. అందులో కాదర్ అస్మల్ పేరు పక్కనున్న శాఖను చూసి ఆయన మిత్రులు కూడా ఒక్కక్షణం తెల్లబోయే ఉంటారు. డబ్లిన్‌లో ఇరవై ఏడేళ్లు న్యాయశాస్త్రం బోధించి, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ రాజ్యాంగ కమిటీలో పనిచేసిన మనిషికి దక్కింది నీటి వ్యవహారాలు, అడవుల శాఖ. న్యాయశాఖ డల్లా ఒమర్‌కి వెళ్లింది. మన దగ్గర నీటిపారుదల అంటే పెద్ద కాంట్రాక్టులు, అంతకంటే పెద్ద పలుకుబడి. ఆ శాఖ కోసం సీనియర్లు పోటీ పడతారు. అక్కడ అప్పట్లో దానికంత పేరు లేదు.

ఆరేళ్లు తిరిగేసరికి అదే మనిషికి స్టాక్‌హోం నీటి పురస్కారం వచ్చింది. అయితే ఈ కథ ఆ పురస్కారం గురించి కాదు. ప్రతి మనిషికీ నీళ్లు హక్కు అని రాజ్యాంగంలో రాయడానికి కష్టపడ్డవాళ్లలో ఒకరికే, ఆ నీళ్ల ఖర్చు ఎవరి జేబులోంచి తీయాలో తేల్చే పని కూడా వచ్చిపడింది. ఆ రెండు పనుల మధ్య ఆయన ఎంత నెగ్గుకొచ్చారు, ఎక్కడ తప్పటడుగు వేశారు అన్నదే అసలు కథ.

చెరకు తోటల ఊరు

భారతీయ సంతతికి చెందిన అస్మల్ 1934 అక్టోబరు 8న నటాల్ ఉత్తర తీరంలోని స్టాంగర్‌లో పుట్టారు. తండ్రిది చిన్న దుకాణం. ఊరి చుట్టూ చెరకు తోటలు. 1860 నుంచి 1911 దాకా ఆ తోటల్లో పనికి ఓడలెక్కిన భారతీయ ఒప్పంద కూలీలు లక్షన్నర మందికి పైగా ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు. తమిళులతో పాటు మన కోస్తా జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

స్టాంగర్‌కి దగ్గర్లోనే గ్రౌట్‌విల్. తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆల్బర్ట్ లుతూలి ఊరు అది. బడి పిల్లాడిగా ఉన్నప్పుడే అస్మల్ ఆయన్ని కలిశారు, జీవితాంతం ఆయన పేరే చెప్పుకున్నారు. నాజీ శిబిరాల చలనచిత్రం చూసి లాయరు కావాలనుకున్నానని కూడా చెప్పేవారు. ముందు మాత్రం బడిపంతులయ్యారు. 1959లో లండన్ వెళ్లి న్యాయశాస్త్రంలో చేరారు. దక్షిణాఫ్రికా సరుకులు కొనవద్దంటూ అక్కడ మొదలైన ఉద్యమంలో తొలినాళ్ల నుంచీ ఉన్నారు. లండన్‌లోనే లూయీజ్ అనే ఇంగ్లిష్ యువతిని పెళ్లాడారు. తెల్లవాళ్లకీ ఇతరులకీ మధ్య పెళ్లి స్వదేశంలో నేరం. అలా చదువుకోసం వెళ్లిన మనిషి ముప్ఫై ఏళ్లు పరాయిదేశంలో ఉండిపోయారు.

1963లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాదే ఐర్లండ్‌లో వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమాన్ని స్థాపించారు. పొట్టి మనిషి, వేళ్ల మధ్య ఎప్పుడూ సిగరెట్టు, గలగలా మాట. 1984లో డన్స్ స్టోర్స్ అనే దుకాణంలో మేరీ మానింగ్ అనే యువతి దక్షిణాఫ్రికా గ్రేప్‌ఫ్రూట్లకి బిల్లు కొట్టనంది. యాజమాన్యం ఆమెను పక్కనపెడితే తోటి ఉద్యోగులు సమ్మెకు దిగారు. అస్మల్ సంస్థ వాళ్లకు అండగా నిలిచింది. సమ్మె మూడేళ్లకు దగ్గరగా సాగింది. చివరికి 1987లో ఆ పళ్ల దిగుమతినే ఐర్లండ్ ప్రభుత్వం నిషేధించింది.

ఆయన జీవితంలో మరో పార్శ్వం చనిపోయాక గానీ లోకానికి పూర్తిగా తెలియలేదు. 1980 జూన్‌లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ గెరిల్లాలు సాసోల్‌బర్గ్ చమురు కర్మాగారాన్ని పేల్చారు. దానికి ముందు రహస్యంగా చుట్టుపక్కలంతా చూసివచ్చినవాళ్లు ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ అనే సాయుధ సంస్థ మనుషులనీ, వాళ్లను కుదిర్చిపెట్టడంలో తన చెయ్యి ఉందనీ ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఐర్లండ్‌లో పౌరహక్కుల సంఘం పెట్టినవాళ్లలో ఒకరైన ప్రొఫెసర్ ఈ పని చేశారంటే మింగుడుపడటం కష్టమే. ఆయన మాత్రం దాన్ని దాచిపెట్టి పోలేదు.

వంటింటి బల్ల మీద

1988 ఏప్రిల్‌లో మొజాంబిక్ రాజధాని మపుటోలో కారు బాంబు పేలి, వర్ణవివక్షతో పోరాడుతున్న లాయరు ఆల్బీ శాక్స్ ఒక చెయ్యి పోగొట్టుకున్నారు. భవిష్యత్ దక్షిణాఫ్రికా హక్కుల పత్రం తొలి ముసాయిదాను ఆ శాక్స్, అస్మల్ కలిసి డబ్లిన్‌లోని అస్మల్ ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశారు. అప్పటికి మండేలా ఇంకా జైల్లోనే ఉన్నారు. అధికారం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో లేదో తెలియదు. అలాంటి రోజుల్లో, రేపు తమ ప్రభుత్వమే వస్తే దాని చేతులు ఎక్కడెక్కడ కట్టేయాలో వాళ్లు ఆలోచించారు.

1990లో స్వదేశం చేరి వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయంలో మానవ హక్కుల ప్రొఫెసరయ్యారు. 1992లో అక్కడ చేసిన ప్రారంభోపన్యాసంలో, గతంలో జరిగిన దారుణాలపై నిజ నిర్ధారణ కమిషన్ ఉండాలని వాదించారు. తర్వాత డెస్మండ్ టుటు నాయకత్వంలో అలాంటి కమిషనే ఏర్పడింది.

1996 రాజ్యాంగం 27వ సెక్షన్ ప్రకారం తగినంత తిండి, నీళ్లు పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. ఇదే రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, దేశంలోని వివిధ సమాజాలు మాట్లాడే భాషల్ని ప్రోత్సహించాలని చెబుతూ ఇచ్చిన జాబితాలో తెలుగు పేరుంది. చెరకు తోటలకు వెళ్లిన కూలీల భాష మరో ఖండపు రాజ్యాంగంలో చోటు సంపాదించుకుంది. ఇక్కడ మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అనుమానమే.

తలకి ఇరవై అయిదు లీటర్లు

అస్మల్ కుర్చీలో కూర్చునేనాటికి దేశంలో దాదాపు 1.2 కోట్ల మందికి మంచినీళ్లు సరిగా అందేవి కావు. మరుగుదొడ్డి సరిగా లేనివాళ్లు రెండు కోట్లు దాటారు. ఆ ఏడాది నవంబరులోనే విధాన పత్రం తెచ్చారు. మనిషికి రోజుకి కనీసం 25 లీటర్లు, ఇంటికి 200 మీటర్ల లోపు కుళాయి. ‘అందరికీ కొంత, ఎప్పటికీ’ అన్నది ఆ శాఖ నినాదం.

అసలు ముడి చట్టంలో ఉంది. 1956 నాటి నీటి చట్టం నది ఒడ్డున ఎవరి భూమి ఉంటే వాళ్లకే నీటి మీద హక్కు ఇచ్చింది. 1913 భూమి చట్టం పుణ్యమా అని దేశంలో నల్లవాళ్లకు దక్కిన నేల చాలా కొద్ది. అంటే ఒడ్డులన్నీ తెల్లవాళ్లవి, ఏళ్లూ తెల్లవాళ్లవే. 1998లో అస్మల్ తెచ్చిన జాతీయ నీటి చట్టం ఈ లెక్కను కొట్టేసింది. నీరు ఎవరి సొంత ఆస్తీ కాదు, ప్రజల తరఫున ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే. ముందుగా రెండు వాటాలు పక్కన పెట్టాలి. ఒకటి మనుషుల కనీస అవసరాలకు, రెండోది ఏరు ఏరుగా బతకడానికి. మిగిలిన నీటిని ప్రభుత్వ అనుమతితో వాడుకోవాలి. బోరు వేసినవాడిదే కింది నీరంతా అన్నట్టు నడిచే మన నేలల్లో ఇలాంటి మాట ఊహించి చూడండి. నేల ఎవరిదైతే కింది నీరూ వాళ్లదే అనే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నీడ మన మీద ఇంకా పోలేదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన వాల్టా చట్టం బోర్లకు రిజిస్ట్రేషన్ అనే దాకా వెళ్లి, అమల్లో నీరసించింది.

మరి అక్కడ చట్టం రాగానే ఏళ్లన్నీ చేతులు మారాయా? మారలేదు. అప్పటికే వాడుకుంటున్నవాళ్ల వాడకాన్ని చట్టబద్ధమని కొనసాగించారు. సేద్యపు నీటిలో పెద్ద భాగం పాత చేతుల్లోనే ఉండిపోయింది.

ఆయన పథకాల్లో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. బయటి దేశాల నుంచి తెచ్చిన తుమ్మజాతి వాటిల్ చెట్లు, యూకలిప్టస్, పైన్ వాగుల వెంట పెరిగి నీళ్లు పీల్చేస్తున్నాయని శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చారు. 1995లో వాటిని నరికే పని పేదలకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఉపాధిగా ఇచ్చారు. చెట్టు పోతే వాగులో నీరు మిగులుతుంది, కూలి డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పక్క శాఖలవాళ్లు పర్యావరణం అంటూ కాగితాలు తిప్పుతుంటే ఈయన గొడ్డలి చేతికిచ్చారు. సర్కారు తుమ్మ కమ్మేసిన చెరువుల్ని చూసినవాళ్లకు ఇది ఎంత పనో వివరించక్కర్లేదు.

ఇక చేదు భాగం. కుళాయి పెట్టే ఖర్చు ప్రభుత్వానిది, నడిపే ఖర్చు వాడుకునేవాళ్లది అన్నది అస్మల్ కాలపు విధానం. ఖజానా బిగబట్టి నడిపే రోజులవి. బిల్లులు వసూలు కాకపోతే మోటార్లు ఆగిపోతాయని ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆయన తర్వాత నీటి మంత్రి అయిన రోనీ కాస్రిల్స్ తూర్పు కేప్‌లో ఒక పల్లె చూడటానికి వెళ్తే, కొత్త కుళాయి పక్కనే ఉండగా ఒక బాలింత ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుంటూ కనిపించింది. నెలకు పది ర్యాండ్లు కట్టలేకపోయింది. 2000 ఆగస్టులో అస్మల్ సొంత రాష్ట్రమైన క్వాజులు-నటాల్‌లో కలరా మొదలైంది. అప్పటిదాకా ఉచితంగా వస్తున్న నీటిని ఆపి డబ్బు కట్టమన్న ప్రాంతంలోనే అది తలెత్తింది. లక్ష మందికి పైగా జబ్బుపడ్డారు, రెండువందల మందికి పైగా చనిపోయారు. అప్పటికి ఆయన ఆ శాఖలో లేరు. అయినా విధానం ఆయన హయాంలో రూపుదిద్దుకున్నదే. ఇక్కడ ఆయన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు. తగినంత నీరు హక్కు అన్న మాటకు, చేతిలో డబ్బులేని బాలింతే తొలి పరీక్ష. ఆ పరీక్షలో ఆయన విధానం తప్పింది.

ఆ తర్వాతే కుటుంబానికి నెలకు 6,000 లీటర్లు ఉచితం అన్నారు. ఎనిమిదిమంది ఇంట్లో తలకి అదే పాతిక లీటర్లు. సొవెటోలోని ఫిరి వాసులు ఇది చాలదని, ముందే డబ్బు కడితే గానీ నీళ్లు వదలని మీటర్లు అన్యాయమని కోర్టుకెక్కారు. హైకోర్టు 50 లీటర్లు ఇమ్మంది, అప్పీలు కోర్టు 42కి తగ్గించింది. 2009లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ రెండు తీర్పుల్నీ పక్కనపెట్టి నగరపాలక సంస్థ విధానం సబబే అంది. ఆ ధర్మాసనంలో ఆల్బీ శాక్స్ కూడా ఒకరు.

ఆనకట్టల పంచాయితీ

పెద్ద ఆనకట్టల మంచిచెడ్డలు తేల్చడానికి ఏర్పడిన ప్రపంచ ఆనకట్టల కమిషన్‌కి 1998లో అస్మల్ అధ్యక్షుడయ్యారు. ఉపాధ్యక్షుడు మన ఎల్.సి. జైన్. సభ్యుల్లో ఒకవైపు నర్మదా ఉద్యమ నేత మేధా పాట్కర్, మరోవైపు ఆనకట్టలకు యంత్రాలు అమ్మే బహుళజాతి కంపెనీ అధిపతి. వీళ్లందరినీ ఒకే కాగితం మీద సంతకం పెట్టించడం అధ్యక్షుడి పని. ఆ సమయంలోనే ఆయన సొంత శాఖ లెసోతో కొండల్లో కట్సే ఆనకట్ట నుంచి జొహన్నెస్‌బర్గ్ వైపు నీళ్లు తెచ్చుకుంటోంది. తీర్పరి తానే కక్షిదారు కూడా అని విమర్శలొచ్చాయి, అర్థం లేని విమర్శలు కావు.

కమిషన్ మన దేశానికి రావాలనుకుంది. నర్మద గొడవ మండుతున్న రోజులు. మన ప్రభుత్వం రావద్దంది. దక్షిణాసియా సదస్సు చివరికి కొలంబోలో జరిగింది.

2000 నవంబరులో లండన్‌లో మండేలా సమక్షంలో నివేదిక విడుదలైంది. ప్రపంచంలో పెద్ద ఆనకట్టలు 45,000. వాటివల్ల నిర్వాసితులైనవాళ్లు నాలుగు నుంచి ఎనిమిది కోట్లు. లెక్క అంత అటూ ఇటూగా ఉండటమే ఒక నేరారోపణ, మునిగినవాళ్లను లెక్కపెట్టే ఓపిక కూడా ఎవరికీ లేదని. మేధా పాట్కర్ సంతకం పెట్టి, వెనక తన అసంతృప్తినీ రాశారు. భారత ప్రభుత్వం నివేదికను తోసిపుచ్చింది. 1981లో శ్రీశైలం నీళ్ల కింద ఊళ్లు వదిలిన కుటుంబాలకూ, లక్షకు పైగా కుటుంబాలను కదిలించే పోలవరం ముంపు మండలాలకూ ఆ నివేదికలోని పేజీలు కొత్తగా చెప్పేదేమీ ఉండదు. అయినా ముంపు బాధితుల అంగీకారం లేకుండా కట్టవద్దని అంత పెద్ద వేదిక మీద ఒకరు అన్నారు.

బడి, ఆ తర్వాత గుమ్మం

1999లో మండేలా తర్వాత అధ్యక్షుడైన తాబో ఎంబెకి ఆయన్ని విద్యామంత్రిని చేశారు. పన్నెండో తరగతి ఉత్తీర్ణత 1999లో 48.9 శాతం, 2003లో 73.3 శాతం. ఆయన గొప్పగా చెప్పుకున్న అంకె ఇది. పిల్లల్లో బలహీనుల్ని కింది తరగతుల్లోనే ఆపేసి శాతం పెంచారని విద్యావేత్తలు దెప్పారు. ఇలాంటి శాతాల ఆట మనకు తెలియనిదా! వివక్ష కాలంలో జాతికొకటిగా కట్టిన విశ్వవిద్యాలయాలను కలిపేయించారు. భారతీయుల కోసమని పెట్టిన డర్బన్-వెస్ట్‌విల్, నటాల్ విశ్వవిద్యాలయంతో కలిసి 2004 జనవరి 1న క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయమైంది. 2004 ఎన్నికల తర్వాత మంత్రి పదవి రాలేదు. పార్లమెంటులో సభ్యుడిగా కొనసాగారు.

2007 డిసెంబరులో పోలోక్వానే మహాసభలో పార్టీ జాకబ్ జుమా చేతిలోకి వెళ్లింది. స్కార్పియన్స్ అనే అవినీతి నిరోధక దర్యాప్తు దళాన్ని రద్దు చేయాలని అక్కడే తీర్మానించారు. జుమా మీద కేసులు నడిపింది ఆ దళమే. పార్టీ ఆదేశిస్తే ఓటు వేయాలి, లేకపోతే బయటికి నడవాలి. 2008 ఫిబ్రవరిలో అస్మల్ ఎంపీ పదవికి రాజీనామా చేశారు. పార్టీని మాత్రం వదల్లేదు. ఆ వయసులో కొత్త జెండా పట్టుకునే మనిషి కాదాయన.

2011 జూన్‌లో ప్రభుత్వ రహస్యాల బిల్లు పార్లమెంటు ముందుంది. అవినీతిని బయటపెట్టే పత్రికలవాళ్లను జైలుకు పంపే బిల్లని విమర్శకులు అన్నారు. దాన్ని తిరస్కరించండని అస్మల్ బహిరంగంగా పిలుపునిచ్చారు. కొద్దిరోజులకే, జూన్ 22న, కేప్‌టౌన్‌లో గుండెపోటుతో పోయారు. ఆయన పార్టీయే పార్లమెంటులో ఆ బిల్లును నెగ్గించింది. సంతకం పెట్టాల్సిన అధ్యక్షుడు జుమా, కొన్ని సెక్షన్లు రాజ్యాంగానికి నిలవవంటూ 2013లో దాన్ని వెనక్కి పంపారు.