సుందర, ఆనంద, సుస్వర: ప్లానార్ హెడ్‌ఫోన్‌లో అసలేముంది?

హైఫైమ్యాన్ అనే చైనా కంపెనీ తన హెడ్‌ఫోన్లకి పెట్టిన పేర్లు ఒకసారి చదవండి. సుందర, ఆనంద, ఆర్య, దేవ, సుస్వర. తెలుగు క్లబ్ మ్యాగజైన్‌లో హెడ్‌ఫోన్ల మీద వ్యాసమేంటని ఎడిటర్ అడిగితే ఈ లిస్టే చూపించాను, ఒప్పుకున్నారు. ఇవన్నీ ప్లానార్ మాగ్నెటిక్ రకం. మా బ్యాచ్‌లో ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ పడిన ప్రతివాళ్లూ ఇప్పుడు ఇదే అడుగుతున్నారు: "ప్లానార్ కొనాలా, మామూలు డైనమిక్ సరిపోతుందా?" రెండు మూడు నెలల స్టైపెండ్ ఒకేసారి పోయే విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మామూలు హెడ్‌ఫోన్‌లో ఒక పల్చటి పొర, దాని వెనక అంటించిన చిన్న తీగచుట్ట ఉంటాయి. కరెంట్ వెళ్తే ఆ కాయిల్ అయస్కాంతం మధ్య ముందుకీ వెనక్కీ కదిలి పొరని నెడుతుంది. అంటే బలమంతా కాయిల్ అంటుకున్న చోటే పడుతుంది, మిగతా పొర దాని వెంట వెళ్లాలి. పై ఫ్రీక్వెన్సీల దగ్గర అది అన్నిచోట్లా ఒకేలా వెళ్లదు, ఒక్కో భాగం ఒక్కోలా వంగుతుంది. ప్లానార్‌లో ఆ చుట్ట లేదు. చాలా పల్చని ఫిల్మ్ మీద, సర్క్యూట్ బోర్డు ట్రాక్‌ల లాగా, లోహపు గీతలు మెలికలు తిరిగి ఉంటాయి. ఫిల్మ్‌కి ఒక పక్కనో రెండు పక్కలానో అయస్కాంతపు కడ్డీల వరస ఉంటుంది. కరెంట్ పారగానే దాదాపు ఫిల్మ్ అంతా ఒకేసారి కదులుతుంది. ఐడియా కొత్తదేం కాదు, యమహా 1976లోనే హెచ్‌పి-1 అని ఇలాంటిది అమ్మింది. ఇప్పటి మోజుకి కారణం హైఫైమ్యాన్, ఇంకా కాలిఫోర్నియాలో పుట్టిన ఆడిజీ. దాని పేరు స్పెల్లింగ్ చూసి మనం ఏదేదో పలుకుతాం కానీ 'ఒడిస్సీ' అనాలట. 2023లో దాన్ని సోనీ ప్లేస్టేషన్ వాళ్లు కొనేశారు.

ఇంతకీ వినడానికి తేడా ఎక్కడ? ఒక సీనియర్ అన్న దగ్గర సుందర ఉంది, ఇంకొకరి దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డి 600 ఉంది. రెండోది 1997 నుంచి అమ్ముతున్న డైనమిక్, చాలామందికి అదే కొలబద్ద. సుబేదారిలో మా రూమ్‌లో ఒక ఆదివారం రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నాం. ముందు 1 కిలోహెర్ట్జ్ టోన్ ప్లే చేసి, ఫోన్ మైక్‌ని కప్పులో పెట్టి రెండింటి వాల్యూమ్ దాదాపు సమానం చేశాం. ఇది చేయకపోతే పోలిక దండగ. కొంచెం గట్టిగా మోగేదే మన చెవికి 'క్లారిటీ' అనిపిస్తుంది.

'ఆర్ఆర్ఆర్' సినిమాలో ఆస్కార్ వచ్చిన పాట పెడితే తేడా వెంటనే దొరికింది. హెచ్‌డి 600లో సుమారు 100 హెర్ట్జ్ కింద శబ్దం మెల్లగా తగ్గుకుంటూ పోతుంది. సుందరలో ఆ కింది దెబ్బ ఇంకాస్త లోతుదాకా నిలబడింది. గట్టిగా పెట్టినా బేస్ చెదరకపోవడం మంచి ప్లానార్లలో మామూలుగా కనిపించే గుణం. అయితే ప్యాడ్ చెవి చుట్టూ సరిగ్గా అతుక్కోవాలి. నాలాగా కళ్లజోడు ఉంటే సందులోంచి బేస్ కొంత జారిపోతుంది. తర్వాత 'మాయాబజార్' పాటలు పెట్టాం. 1957 నాటి మోనో రికార్డింగు, అందులో కింది బేసూ లేదు, విశాలమైన స్టేజీ లేదు. ఘంటసాల గొంతు హెచ్‌డి 600లోనే నాకు ఎక్కువ సహజంగా అనిపించింది. ఐనవోలు జాతరలో మా ఫ్రెండ్ ఫోన్‌లో తీసిన ఒగ్గు డోళ్ల వీడియో కూడా విన్నాం. అక్కడ సుందర చూపించిందల్లా ఫోన్ మైక్ ఎక్కడెక్కడ పగిలిందో. ఆ డోలు ముందు నిలబడితే ఛాతీలో తగిలేది ఏ హెడ్‌ఫోన్‌లోనూ లేదు.

ప్లానార్ 'ఫాస్ట్' అని రివ్యూల్లో తెగ రాస్తారు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చదివిన ఈసీఈ వాళ్లకి ఇక్కడ నవ్వు రావాలి. ఇంపల్స్ రెస్పాన్స్‌కి ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్ చేస్తే వచ్చేదే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్. చెవి వినే 20 కిలోహెర్ట్జ్ లోపల ఒకటి సరిగ్గా ఉంటే రెండోది విడిగా 'స్పీడ్' అవ్వదు. మనకి ఫాస్ట్‌గా అనిపించేది చాలాసార్లు పై ఫ్రీక్వెన్సీలు కొంచెం ఎక్కువ ఉండటం వల్లే. తేలికైన పొర అనేది నిజమే, కానీ ఆ మాటతో ధర పెంచడం మార్కెటింగ్.

ఇంకో భయం, "ప్లానార్‌కి యాంప్లిఫయర్ తప్పనిసరి" అని. దీనికి లెక్క ఉంది కదా, చేద్దాం. సుందర 37 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కి 94 డెసిబెల్స్ ఇస్తుంది. ఫోన్ డాంగిల్ 1 వోల్ట్ ఇచ్చిందనుకోండి. 1ని 37తో భాగిస్తే 27 మిల్లీవాట్లు, అంటే సుమారు 108 డెసిబెల్స్. చెవికి చాలా ఎక్కువే. అదే 1 వోల్ట్‌కి హెచ్‌డి 600 ఇచ్చేది 97. అంటే ఇక్కడ డైనమిక్కే కష్టం! కానీ 6,000 డాలర్ల సుస్వర 60 ఓమ్స్, 83 డెసిబెల్స్. 1 వోల్ట్‌తో 95 దగ్గర ఆగుతుంది, 108 కావాలంటే 4 వోల్టులు దాటాలి. కాబట్టి రకం చూసి కాదు, బాక్స్ మీద ఉన్న ఈ రెండు నంబర్లు చూసి నిర్ణయించుకోండి. బరువు కూడా చూడండి. ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ 612 గ్రాములు, హెచ్‌డి 600 సుమారు 260. నాలుగు గంటలు కోడ్ రాస్తూ అరకిలో పైన నెత్తిన మోయాలంటే మెడ ఒప్పుకోదు.

మన దగ్గర అసలు సమస్య మాత్రం రూమే. సుందర, హెచ్‌డి 600 రెండూ ఓపెన్ బ్యాక్. పైన ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే, కింద హారన్లు, ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి ఊరేగింపు డీజే వస్తుంటే, ప్లానార్ దాచి తెచ్చిన ఆ చిన్న చిన్న వివరాలన్నీ ఆ హోరులో మునిగిపోతాయి. పైగా మన పాట రూమ్మేట్‌కి కూడా వినిపిస్తుంది, ఎగ్జామ్స్ ముందు గొడవ ఖాయం. మేం ఆదివారం తెల్లవారుజామున ఫ్యాన్ ఆపి విన్నాం కాబట్టే పైన చెప్పినవన్నీ వినపడ్డాయి. హాస్టల్ వాళ్లకి నా ఓటు ప్లానార్ ఇయర్‌ఫోన్లకే. సెవెన్ హెర్ట్జ్ టైమ్‌లెస్‌లో 14.2 మిల్లీమీటర్ల ప్లానార్ డ్రైవర్ ఉంది, లెట్‌షువర్ ఎస్12లో 14.8. చెవిని మూసేస్తాయి, డాంగిల్‌తోనే నడుస్తాయి.

డబ్బు పెట్టేముందు ఇంకొక్క సంగతి. జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని 2017లో పేపర్ రాశాడు. ధరకీ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ మధ్య ఆయనకి సంబంధం దొరకలేదు. ఆ రెస్పాన్స్‌ని మనం చాలావరకు సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు, అదీ ఫ్రీగా. గిట్‌హబ్‌లో ఆటోఈక్యూ అనే ప్రాజెక్టులో వేల మోడళ్లకి ఫైళ్లు రెడీగా ఉన్నాయి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఇన్‌స్టాల్ చేసి మీ మోడల్ ఫైల్ పెట్టాలి, పది నిమిషాల పని. బేస్ పెంచినా పగలకపోవడంలో ప్లానార్‌దే పైచేయి, నిజమే. కానీ ముందు మీ బ్యాగ్‌లో ఉన్న పాత ఇయర్‌ఫోన్ పేరు ఆ లిస్టులో వెతకండి. ఒక వారం అలా విని, అప్పటికీ ఏదో తక్కువైందనిపిస్తే అప్పుడు సుందర సంగతి మాట్లాడుకుందాం.